పాత ఓఎస్ తీసేసే ముందు ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. దింపు లెక్కలు, కూలీల హాజరు అన్నీ మా తమ్ముడు కాకినాడలో ఇంజనీరింగ్ చదివినప్పటి లాప్‌టాప్‌లోనే రాసుకుంటాను. దాంట్లో విండోస్ పక్కన వాడు అప్పట్లో ఉబుంటు 16.04 అనే ఇంకో ఓఎస్, అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, కూడా వేసుకున్నాడు, ఆన్ చేయగానే రెండిట్లో ఏది కావాలని అడుగుతుంది, నేను ఎప్పుడూ విండోసే నొక్కేవాణ్ణి. ఆ ఉబుంటుకి మామూలు అప్‌డేట్లు 2021లోనే ఆగిపోయాయి గానీ 500 జీబీ డిస్కులో, అంటే విండోస్ 465 అని చూపించే దాంట్లో, 145 జీబీ దాని కిందే ఉండిపోయింది. ఇటు సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా అయిపోయింది, ఎక్సెల్ ఫైలు సేవ్ అవ్వట్లేదు.

సరే అని టౌన్లో ఒక షాపులో ఇచ్చాను. అక్కడి కుర్రాడు ఉబుంటు పార్టిషన్లు, అంటే డిస్కులో దానికి విడగొట్టిన భాగాలు, రెండూ డిలీట్ కొట్టేశాడు, లోపల ఏమైనా ఉన్నాయా అని అడగలేదు, చెప్పాలని నాకూ తెలీదు. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ రెస్క్యూ అని ఒక్క లైను వచ్చి ఆగిపోయింది. హార్డ్ డిస్క్ పోయిందండి, కొత్తది వేయాలి అన్నాడు. ఈ సీజన్ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, డిస్కుకేం కాలేదు అన్నయ్యా అన్నాడు. ఏది కావాలని అడిగే ఆ గ్రబ్ ఉబుంటుతో వచ్చిందేనంట, దాని మొదటి ముక్క డిస్కు మొదట్లో ఉండి మిగతాది ఉబుంటు పార్టిషన్లో ఉంటుంది, ఆ పార్టిషన్ లేపేస్తే మొదటి ముక్క వెతుక్కుని దొరక్క ఆగిపోతుంది, విండోస్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్ డ్రైవ్ తెచ్చి, రిపేర్‌లోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్‌లో వాడు చెప్పినట్టు బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ (bootrec /fixmbr) కమాండ్ కొట్టాను, అది డిస్కు మొదట్లో ఉన్న గ్రబ్ ముక్క బదులు విండోస్‌ది రాస్తుంది, విండోస్ వచ్చేసింది. నాది పాత పద్ధతి లాప్‌టాప్ కాబట్టి ఇలా. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఆన్ అయ్యేవాటిలో అయితే బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే తెరిచే సెట్టింగ్స్‌లో, విండోస్ బూట్ మేనేజర్‌ని ముందుకి పెట్టుకోవాలి, ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్ మాత్రం ముట్టుకోకూడదు, విండోస్ కూడా దాంట్లోంచే లేస్తుంది.

అప్పుడు చెప్పాడండి వాడు, ఉబుంటులో తాతయ్య ఫోటోలు ఉన్నాయని. 2019 కనుమకి జగ్గన్నతోట తీర్థంలో తీసినవి, దేవుణ్ణి ఊరేగించే ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక నది దాటిస్తుంటే గట్టు మీద తాతయ్య దణ్ణం పెడుతూ ఉన్నది కూడా అందులోనే. మరుసటేడు ఆయన పోయారు. విండోస్‌కి ఉబుంటు ఫైళ్లు కనపడవు, అందుకే అక్కడ ఏమీ లేదనుకుంటారు అందరూ. ఆ ఖాళీ మీద ఏమీ రాయకు, ఫార్మాట్ అసలు చేయకు అన్నాడు. సంక్రాంతికి వచ్చి టెస్ట్‌డిస్క్ అనే ఫ్రీ ప్రోగ్రాంతో పోయిన పార్టిషన్ వెతికి ఫోటోలన్నీ బయటికి తీశాడు. ఆ షాపులోనే దాని మీద ఇంకోటి నింపేసి ఉంటే దొరికేవి కావు.

ఆ తర్వాతే జాగా కలుపుకున్నాం. సీకి కలపడం కుదరలేదు, మధ్యలో డీ ఉంది, పక్కనే ఉన్న ఖాళీని మాత్రమే విండోస్ కలుపుతుంది. అందుకని డీకి కలిపి, సీలో ఉన్న ఫోటోలు, వీడియోలు అటు మార్చాం, సరిపోయింది. ఇంకోటి, డిలీట్ చేశాక విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీ ఆకుపచ్చ గీతతో కనపడితే ఇంకోసారి డిలీట్ చేయాలి, నల్ల గీత అయ్యాకే జాగా కలిపే ఎక్స్‌టెండ్ ఆప్షన్ వెలుగుతుంది. కానీ ఆ ఆకుపచ్చ పెట్టె లోపలే డీ ఉంటే దాని జోలికి వెళ్లకూడదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లు మా కోనసీమలో ఇంటికొకటి కనపడుతున్నాయి, పిల్లలు వాటిలో పక్కన ఉబుంటు లాంటి లైనక్స్ వేస్తున్నారు, రేపు ఏదో ఒకటి తీసేయాల్సి వస్తుంది. అందుకే మీ పేపర్లో ఒక్క రోజు ఇదంతా తెలుగులో వరసగా వేయమని అడుగుతున్నాను. ముందు రెండు వైపుల ఫైళ్లూ వేరే డిస్కులోకి కాపీ, విండోస్ పెన్ డ్రైవ్ చేతిలో రెడీ, ఆ తర్వాతే డిలీట్. షాపుల వాళ్లకి కూడా నా మనవి, డిలీట్ కొట్టే ముందు ఈ పార్టిషన్లో మీవేమైనా ఉన్నాయా అని కస్టమర్‌ని అడగండి, తెలీదంటే తెరిచి చూపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా