మహిళా విభాగం వార్షిక నివేదిక, 2025: సొరోరిటీల్లో చేరే మన అమ్మాయిలకు తోడుగా

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది పచ్చడి, బియ్యం సేకరణ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫొటోలూ లెక్కలూ కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయేది ఈ ఏడు మేం కొత్తగా తలకెత్తుకున్న ఒక్క పని గురించే: సొరోరిటీల్లో, అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు సభ్యులుగా చేరే సంఘాల్లో, అడుగుపెట్టే మన పిల్లలకు తోడుండటం. కిందటి సర్వసభ్య సమావేశంలో "సొరోరిటీలతో తెలుగు సంఘానికేం పని?" అని కొందరు పెద్దలు అడిగారు. అడిగినవాళ్లలో ఇద్దరి కూతుళ్లు అప్పటికే సొరోరిటీల్లో ఉన్నారు. ఆ సంగతి మాకు తెలుసు, ఆ తండ్రులకు తెలియదు. మా పని అక్కడ మొదలైంది.

ముందు తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో పెరిగిన మన పిల్లలు చాలామంది ఆస్టిన్‌కో, కాలేజ్ స్టేషన్‌కో, హ్యూస్టన్‌కో, లేదంటే ఇక్కడే రిచర్డ్‌సన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డాలస్‌కో వెళ్తారు. అక్కడ వాళ్లకు కనబడే సొరోరిటీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉన్న 26 పాత సొరోరిటీలు. పెద్ద ఇళ్లు, పెద్ద ఫీజులు వీటివే. రెండోది దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్నవి. వీటి పుట్టిల్లు మన టెక్ససే అని చెబితే కమిటీలోనే సగం మంది నమ్మలేదు. కప్పా ఫై గామా 1998లో యూటీ ఆస్టిన్‌లో పుట్టింది. డెల్టా ఫై ఒమేగా అదే ఏడు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో, డెల్టా కప్పా డెల్టా 1999లో టెక్సస్ ఎ అండ్ ఎంలో మొదలయ్యాయి. అప్పుడు చదువుకున్న ఆ అమ్మాయిలు ఇప్పుడు నలభైల్లో ఉన్న తల్లులు.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, సొరోరిటీ లోకంలో 'లెగసీ' అనే మాట ఒకటుంది. తల్లో, అమ్మమ్మో, అక్కో అదే సొరోరిటీలో ఉంటే ఆ అమ్మాయిని లెగసీ అంటారు. పాత సొరోరిటీలు చాలావరకు ఈమధ్య లెగసీలకు ఇచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించుకున్నాయి. కానీ అసలు లాభం ఆ ప్రాధాన్యంలో లేదు. ఏ రోజు ఏం కట్టుకోవాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదవాలి, ఎవరు నవ్వుతూ అడిగిన ప్రశ్నకు ఏం చెప్పాలి... ఇదంతా ఆ ఇళ్లలో వంటింటి కబుర్లలోనే తెలిసిపోతుంది. మన ఇళ్లలో ఆ కబుర్లు లేవు. మన తల్లులకు తెలిసింది గుంటూరు, వరంగల్ హాస్టళ్లు. సొరోరిటీ అనుభవమున్న తల్లిలాంటి మనిషిని కాసేపు అప్పుగా ఇవ్వడమే మా ఉద్దేశం.

మార్చిలో పెట్టిన మొదటి సమావేశం పూర్తిగా చెడింది. ఒకే గదిలో తల్లులనీ పిల్లలనీ కూర్చోబెట్టడం మా తప్పు. తల్లులు డాక్టర్ కావడానికి సొరోరిటీ పనికొస్తుందా అని అడిగారు, తాగుతారటగా అని అడిగారు. పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. గంటన్నరలో ఏ అమ్మాయీ నోరు విప్పలేదు. సమోసాలు మాత్రం మిగల్లేదు.

జూన్‌లో రెండు గదులు తీసుకున్నాం. ఒక గదిలో తల్లిదండ్రులు. ఇంకో గదిలో ఈ ఏడు కాలేజీకి వెళ్లబోయే అమ్మాయిలు, వాళ్లకెదురుగా సొరోరిటీల్లో ఉండి చదువు ముగించుకున్న ఐదుగురు అక్కలు. మధ్య తలుపు మూసేశాం. అరగంట దాటాక ఆ గదిలోంచి నవ్వులు వినబడితే ఇవతల తల్లులు కంగారుపడ్డారు. పిల్లలు అడిగినవి మేం ఊహించినవి కావు. ఫీజు నెలనెలా కట్టొచ్చా? మాంసం తినకపోతే సొరోరిటీ హౌస్‌లో భోజనం సంగతేంటి? అమ్మకు చెప్పకుండా చేరితే ఆమెకు ఉత్తరం వస్తుందా? (రాదు. పద్దెనిమిది నిండిన పిల్లల సంగతులు కాలేజీ తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. అయితే ఫీజు మీ కార్డు మీద పడుతుంది, అప్పుడు తెలుస్తుంది.)

ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది. ఆస్టిన్‌లో పాన్‌హెలెనిక్ రిక్రూట్‌మెంట్, అంటే ఆ పాత సొరోరిటీలు కొత్తవాళ్లను ఎంచుకునే తంతు, తరగతులు మొదలవకముందే అయిపోతుంది. రోజుకో రౌండు, ఎండలో ఇల్లిల్లూ తిరగడం, రాత్రికి ఎవరు మళ్లీ పిలిచారో చూసుకోవడం. చివరి రోజు అమ్మాయి తనకు నచ్చిన సొరోరిటీలను వరుసగా రాసి ఒక ఒప్పందం మీద సంతకం పెడుతుంది. తాను రాసినవాటిలో ఒకటి పిలిచాక (ఆ పిలుపునే 'బిడ్' అంటారు) వద్దంటే, మళ్లీ ఏటి రిక్రూట్‌మెంట్ దాకా ఆ క్యాంపస్‌లో ఇంకే పాన్‌హెలెనిక్ సొరోరిటీలోనూ చేరడానికి వీల్లేదు. మనమ్మాయి ఒకతె మొహమాటానికి రెండో పేరు కూడా రాసేసింది. ఆ రెండోదే వచ్చింది. రాత్రి పదకొండింటికి మా అక్కల్లో ఒకరికి ఫోన్ చేసి ఏడ్చింది. ఆవిడ చేయగలిగిందేమీ లేదు, గంటసేపు విన్నదంతే. ఇప్పుడా అమ్మాయి అక్కడే ఉంది, ఇష్టంగానే ఉంది. అయినా ఇష్టం లేని పేరు రాయకూడదని జూన్‌లోనే మేం నొక్కి చెప్పి ఉండాల్సింది.

చేరాక కొత్త సభ్యురాలిగా ఉండే కొన్ని వారాలే ఈ వ్యవస్థలో కీలకం. సొరోరిటీ చరిత్ర, నియమాలు నేర్పడానికి ఒక సీనియర్ ఉంటుంది. అది కాక ప్రతి కొత్తమ్మాయికీ ఒక 'బిగ్' దొరుకుతుంది, ఈ అమ్మాయి ఆమెకు 'లిటిల్'. బిగ్‌కు ఒక బిగ్, ఆమెకు ఇంకో బిగ్, ఇలా పైకి వంశవృక్షమే ఉంటుంది. బిగ్ ఎవరో చెప్పకుండా కొన్నిరోజులు బుట్టల్లో కానుకలు పంపి చివర్లో ఎదురుపడతారు. ఆ బుట్టల ఫొటో చూసిన ఒక తల్లి "సారె పంపింది ఎవరే?" అని అడిగిందట. అడిగిన తీరు తప్పేమీ కాదు. కాకపోతే ఆ సారె ఖర్చు బిగ్ జేబులోంచి పోతుంది, వచ్చే ఏడు మన పిల్ల జేబులోంచి.

బిగ్‌ల మీద మాకూ అనుమానాలుండేవి. అక్టోబర్‌లో ఒకమ్మాయికి జ్వరం పెరిగితే అర్ధరాత్రి అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లి, పొద్దున దాకా కూర్చుని, ఫ్రిస్కోలో ఉన్న తల్లికి ఫోన్ చేసింది ఆమె బిగ్. తెలుగు ఒక్క ముక్క రాని పిల్ల. ఆ తల్లి ఆ వారాంతం మూడు రకాల పచ్చళ్లు పట్టుకుని ఆస్టిన్ వెళ్లారు. వాటిలో గోంగూర మాత్రం ఆ పిల్లకు నచ్చిందని నివేదిక.

మరో కథ ఇంత బాగాలేదు. ఒక సొరోరిటీలో కొత్తవాళ్లను రాత్రిళ్లు నిద్ర పోనీయకుండా పేర్లూ తేదీలూ బట్టీ పట్టించారు. పగలు క్లాసులో మనమ్మాయి తూలింది. "అందరం ఒప్పుకునే చేశాం కదా ఆంటీ" అంది మాతో. టెక్సస్ చట్టంలో ఆ మాట చెల్లదు. బాధితురాలు ఒప్పుకున్నా హేజింగ్ నేరమే. మనకు తెలిసిన మాటలో ఇది ర్యాగింగ్. దాని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, అందుకే తండ్రులకు ఇది చప్పున అర్థమైంది. మన పిల్ల పేరు బయటికి రాకుండా ఒక అక్క ద్వారా యూనివర్సిటీకి తెలియజేశాం. విచారణ జరుగుతోంది, ఇంతకుమించి ఇక్కడ రాయలేం. ఒక్క సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. 2024 డిసెంబర్‌లో సంతకమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంస్థల పేర్లు కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. బిడ్ ఒప్పుకునే ముందు ఆ పేజీ తెరిచి చూడండి.

పని చేస్తూ మేం నేర్చుకున్నది, మేం అనుకున్నదానికి కొంచెం అడ్డంగా ఉంది. పిల్లలకు అక్కలు అక్కడే దొరుకుతున్నారు. తోడు లేనిది తల్లులకు. సెప్టెంబర్ నుంచీ మాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ తల్లులవే. "దాని బిగ్ నాకంటే ఎక్కువైపోయింది" అన్నారు ఒకావిడ, సగం నవ్వుతూ. అందుకే సద్దుల బతుకమ్మకు పిల్లలతో బాటు వాళ్ల బిగ్‌లనీ పిలిచాం. నలుగురొచ్చారు. ముగ్గురికి లంగా ఓణీలు మనవాళ్లే కట్టారు, నాలుగో అమ్మాయి జీన్స్‌లోనే చప్పట్లు కొడుతూ తిరిగింది. ఆ ఫోన్ చేసినావిడ సత్తుపిండి ముద్ద తన కూతురి బిగ్ చేతిలో పెట్టడం మేం చూశాం.

ఖర్చు 640 డాలర్లు. ఎక్కువ భాగం పిజ్జాలకూ పూలకూ పోయింది. లైబ్రరీ గదులకు అద్దె లేదు.

వచ్చే ఏడుకు రెండు కోరికలు. ఆస్టిన్ నుంచీ హ్యూస్టన్ నుంచీ కారు నడుపుకుంటూ వచ్చే అక్కలు ఇప్పటిదాకా పెట్రోలు డబ్బులు సొంతంగా పెట్టుకున్నారు. కోశాధికారి గారు ఆ పద్దు బడ్జెట్‌లో చేర్చాలి. రెండోది, జూన్ సమావేశానికి తల్లిదండ్రుల గదిలో కూర్చుని మాట్లాడటానికి ఇద్దరు తండ్రులు కావాలి. కిందటి ఏడు "మనకేం పని" అని అడిగిన పెద్దల్లో ఒకరు పేరిచ్చారు. ఇంకొకరి కోసం చూస్తున్నాం.

కన్వీనర్, మహిళా విభాగం