పొయ్యి కట్టిచ్చిన కాశీనగర్ పెద్దాయనకి దండాలు

నిన్న సాయంత్రం అమ్మ కొత్త పొయ్యి మీద గంజి కాచుకుంది. దగ్గలేదు. ఆస్పత్రిలో కాసిన కాపలా నిద్ర ఇంకా తీరలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమ్మకి ఆయాసం ముదిరితే పర్లాకిమిడిలో చేర్చాం. డాక్టరుగారు సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే జబ్బట. మా వైపు చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు గానీ మా అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. అదే చెబితే, "ఇన్నేళ్లు పొయ్యి ఊదింది కదా, అదీ పొగే" అన్నారాయన.

పక్క మంచం దగ్గర భార్యకి తోడుగా ఉన్న కాశీనగర్ పెద్దాయన ఇది విన్నారు. "ఏటమ్మా, మందులిచ్చీసి మళ్లీ ఆ పొగలోకే పంపీస్తావేటి?" అన్నారు. తాపీపని చేసేవారట. మర్నాడు భార్యని చూస్తుండమని సిస్టర్‌కి చెప్పి నా వెంట బస్సెక్కేశారు. ముక్కూ మొహం తెలీని మనిషి!

పాతది పడగొట్టి, పుట్టమన్నులో ఊక, పేడ కలిపి తొక్కి, ఇటుకలతో రెండు గిన్నెలు పట్టే పొయ్యి లేపారు. కట్టెల కింద ఇనప ఊచలు పరిచారు, గాలి అడుగు నుంచి అందడానికి, బూడిద కిందికి రాలడానికి. మా అన్నం గిన్నెనే తెచ్చి తడిమట్టిలో అదిమి గుండ్రంగా తిప్పారు, అంచు దగ్గర సందు లేకుండా కూర్చోవాలని. పొగగొట్టం వంపుల్లేకుండా నిటారుగా, ఇంటి కొప్పు కంటే ఎత్తుగా లేపారు. కప్పు వెదుర్లకి తగలకుండా చుట్టూ బాగా ఎడం ఉంచి రేకు కట్టారు.

"నీడనే ఆరనీ, అప్పుడే పెద్ద మంట పెట్టీకు. పగుళ్లు చూడ్డానికి మళ్లీ వస్తాను" అన్నారు. ఆ మాట చాలామంది నోట విన్నాం కాబట్టి నేను లెక్కలో వేసుకోలేదు. నిన్న బస్సు దిగారు. భార్యని డిశ్చార్జి చేయించుకుని, మందుల సంచీతో సహా, సొంతింటికి పోకుండా ముందు మా ఇంటికి! ఆవిడ అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటుంటే, ఈయన వేలితో మట్టి తీసి పగుళ్లు పూడుస్తున్నారు. నాకు ఏడుపాగలేదు. డబ్బులివ్వబోతే "అమ్మ మందులకుంచు" అన్నారు.

వెళ్తూ అమ్మకి చెప్పినవి: కట్టె పచ్చిదైతే మంటలో కొంత దాని నీళ్లు ఇగర్చడానికే పోతుంది. రెండు కట్టెలు కొడితే టంగుమనాలి, దబ్‌మంటే ఇంకా ఆరలేదన్నట్టు. మణికట్టంత లావున చీల్చి కొద్దికొద్దిగా ఎగదోయాలి, గిన్నె మీద మూతుండాలి. కిరోసిన్ పొయ్యకూడదు. బూడిద రేకు డబ్బాలోనే, దానిలో నిప్పు మర్నాటికీ ఉంటుంది. గొట్టంలో మసి పేరుకుంటే అంటుకుంటుంది, దులుపుతుండాలి. చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకోవద్దని డాక్టరుగారు వేరే చెప్పారు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మాకు గ్యాసు లేదా అంటే, ఉంది. 2016లో పేదింటి ఆడవాళ్లకి గ్యాసిచ్చే ఉజ్వల పథకం వచ్చాక అమ్మ పేరునే తీసుకున్నాం. కూలిపని చేసి చేసి అరిగిన వేళ్లు గ్యాసు ఏజెన్సీ మిషను మీద పడవు. "వేలిముద్ర రాలేదు, మళ్లీ రండి" అంటారు. ఆయాసపు మనిషిని ఎన్నిసార్లు తిప్పుతారయ్యా? 14.2 కిలోల బండ మూల ఖాళీగా పడుంది, దాని మీద అమ్మ చేట బోర్లిస్తోంది. పొగ మానండి అని గోడల మీద రాతలు మాత్రం ఉన్నాయి.

అన్నయ్య, వదిన, మా ఆయన రాత్రులు వంతులేసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పాలా.

అయ్యో, వార్డు సిస్టర్‌ని మర్చిపోయాను, ఆవిడ ఒప్పుకోకపోతే పెద్దాయన కదిలేవారే కాదు. ఇటుకలిచ్చిన ఎదురింటి అత్తకి, పెంకులు తీసిన కుర్రాళ్లకి కూడా దండాలు. గొట్టం మీద టోపీకి రేకు కత్తిరించిన వెల్డింగ్ షాపు తమ్ముడూ, నీ కత్తెర మా ఇంట్లోనే ఉండిపోయింది, రేపు పంపిస్తాను.