బ్రాండీవైన్ నారులో రంపపు ఆకులు వస్తుంటే

ఈ సీజన్‌లో మేము అమ్మిన బ్రాండీవైన్ టమాటా విత్తనాల్లో కొన్ని వేరే రకం పుప్పొడి పడి సంకరమయ్యాయి. తప్పు మాదే. అమ్మకం ఆపేశాం. కొన్నవాళ్లందరికీ పాత నిల్వలోంచి వేరే పొట్లమో, డబ్బు వాపసో, ఏది కావాలంటే అది ఇస్తాం.

పోల్చుకోవడం తేలిక. బ్రాండీవైన్ ఆకు బంగాళాదుంప ఆకులా వెడల్పుగా, అంచు నున్నగా ఉంటుంది. ఈ లక్షణం తల్లి మొక్క నుంచీ తండ్రి మొక్క నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. మామూలు ఆకున్న రకం పుప్పొడి పడితే పిల్లమొక్కకు రంపపు అంచే వస్తుంది. మొలకలో మొదట వచ్చే జంట ఆకులు (బీజదళాలు) చూసి పీకేయకండి, అసలు ఆకులు మూడు నాలుగు వచ్చేదాకా ఆగండి. సంకర మొక్కను పెంచుకోవచ్చు, కాయలు తినొచ్చు. వాటి విత్తనం మాత్రం దాచుకోవద్దు.

టమాటా మామూలుగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఈ రకంలో పుప్పొడి అందుకునే కొన, అంటే కీలాగ్రం, తరచు పుప్పొడినిచ్చే కేసరాల గొట్టం దాటి బయటికొస్తుంది, ఇక తేనెటీగ వాలితే చాలు. విత్తనానికి వదిలిన గుత్తులకు పూలు విచ్చకముందే పల్చటి వలసంచి కట్టాలి. మేం అన్నిటికీ కట్టలేదు. చెరోకీ పర్పుల్ అనే ఇంకో టమాటా రకానిది మామూలు ఆకే కాబట్టి అందులో సంకరం కాయ పండేదాకా తెలియకపోవచ్చు. తేడా కనిపిస్తే చెప్పండి.

మాకొచ్చిన మిగతా ఫిర్యాదులు అన్నిటికీ విత్తనమే కారణం కాదు. 6 మిల్లీమీటర్ల లోతులో వేసి, మట్టి 21–27 డిగ్రీల మధ్య ఉంటే 5–10 రోజుల్లో మొలుస్తుంది. మొలిచాక కాడ మట్టి దగ్గర సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. తడి ఆరని మట్టి, గాలాడని చోటు దానికి కారణం. ట్రే అడుగు నుంచి నీళ్లు పెట్టండి, పైమట్టి ఆరనివ్వండి.

కాయ అడుగు నల్లబడగానే కాల్షియం కోసమని గుడ్డుపెంకులు వేస్తుంటారు, అవి అంత త్వరగా కరగవు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే కాయ దాకా చేరదు. మొక్క మొదట్లో 5–8 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరిచి, తడి ఒకేలా ఉంచండి. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటుతుంటే పూత రాలుతుంది, చల్లబడేదాకా ఎరువు పెంచి లాభం లేదు.

ఇంకొకటి. కాయ పండడానికని పొట్లం మీద వేసిన 90 రోజులు నారు నాటిన రోజు నుంచి లెక్క. విత్తనం వేసిన రోజు నుంచైతే ఇంకో 6–8 వారాలు కలుపుకోవాలి. ఆ మాట మేం అచ్చువేయలేదు, కొత్త పొట్లాల మీద ఉంటుంది.