వార్షిక నివేదిక: హాస్టల్ పాత భవనం, భోజనశాల మరమ్మతు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉపకార వేతనాలు, వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది భోజనశాల మరమ్మతు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన 1918లోనే, తర్వాత హైదరాబాద్ నగర కొత్వాలైన (పోలీసు అధిపతి) రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు అక్కడి బాధ్యతలు చూసినవారే. మన పెద్దలూ ఆ బాటనే చందాలెత్తి ఈ భవనం కట్టించారు. రెండడుగుల మందం గోడలు, గానుగ సున్నం, ఇనుప గిర్డర్ల మధ్య ఇటుక కమానుల కప్పు.

దీని గోడలను పాడుచేసింది వయసు కాదు, సిమెంటు. సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తేమను బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి, ఉప్పు తేలి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. కప్పు మీద తూములో మొలిచిన రావిమొక్కను ఏటా పైపైన నరికించి ఊరుకున్నారు. నీళ్లు నిలిచి గిర్డరు తుప్పు పట్టింది. తుప్పు ఉబ్బి కమాను ఇటుకలు పగిలాయి. ఈసారి చుట్టూ ఇటుకలు విప్పి వేరును మొదలంటా తీయించాం.

ఏప్రిల్ 18, ప్రపంచ వారసత్వ దినం నాడు మేస్త్రీలు పని చేసి చూపించారు. సిమెంటును మిషను పెట్టకుండా ఉలితో తీశారు, సందులు అంగుళం లోతు గీకారు, గోడ బాగా తడిపారు. పూతకు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు. అరంగుళం మించకుండా రెండు పూతలు. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టారు; త్వరగా ఆరితే నెర్రెలు విడుస్తుంది. హాస్టల్ పిల్లలు తాపీ వదల్లేదు.

ఆ రోజు ఫొటోకు వచ్చిన కమిటీ సభ్యుల్లో సగం మంది గోనెలు తడపడానికి కనిపించలేదు. మరమ్మతు అనుమతి ఫైలు ఏ బల్ల మీద ఉందో ఆఫీసువారికే తెలియదు.

మేస్త్రీలకు, సున్నం ఇచ్చిన దాతలకు, వంటవారికి, వార్డెన్ గారికి, ఎండలో నీళ్లు మోసిన విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చులు ఆడిటరు సంతకంతో జతపరిచాం, ఆమోదించ ప్రార్థన.

పడమటి గది గోడలు మిగిలాయి. మృగశిర కార్తె లోపు తూములన్నీ శుభ్రం చేయించాలి. సున్నం నానుతున్న తొట్టి వెనక వరండాలో ఉంది, దయచేసి అందులో చెత్త వేయకండి.

ఇట్లు,
కార్యదర్శి