మన క్యాబ్ డ్రైవర్లు, ఓనర్ల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కమిటీకి, ఆదివారం గిరాకీ వదులుకుని వచ్చిన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మనల్ని బాగా ఏడిపించిన మాట ‘ఫెయిల్’. మన సభ్యుడి బండిని వెనక రిఫ్లెక్టర్ టేపు ఊడిందని రవాణా శాఖ వాళ్లు ఫిట్‌నెస్ పరీక్షలో తిప్పి పంపారు. ఆ కాగితం ఫొటో ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. వారంలో అతని స్కూల్ ట్రిప్పులన్నీ పోయాయి. మర్నాడే టేపు అంటించి పాసైన సంగతి మాత్రం ఏ గ్రూపులోకీ ఎక్కలేదు. టేపు లేకపోయినా ఫెయిలే, బ్రేకు పట్టకపోయినా ఫెయిలే. ఎక్కేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? కారణం అందరికీ అర్థమయ్యేలా రాసివ్వమని మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు, అంతే.

అలాగని జనానిదే తప్పనను. పరీక్ష స్లాట్ రోజున పక్కవాడి టైర్లు బిగించుకెళ్లి, పాసయ్యాక పాతవి ఎక్కించేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఎనిమిదేళ్ల లోపు బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. మధ్యలో అరిగే బ్రేకు ప్యాడ్‌లను ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ వచ్చి చూడడు.

అందుకే వానలకు ముందు ఉప్పల్‌లో ఉచిత చెకప్ పెట్టాం. చక్రాలు విప్పి, లోపలిది ప్రయాణికులకే చూపించాం. టైరు గాళ్లలో చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటి మట్టానికి అరిగితే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, టైరు మార్చాల్సిందేనని మెకానిక్ చెబుతుంటే స్కూలు పిల్లల తల్లులు వంగి మరీ చూశారు. ఒక పెద్దావిడ స్టెప్నీ చూపించమంది. తీస్తే అందులో గాలి లేదు. ఆ బండి నాదే! నవ్వినవాళ్లంతా తర్వాత తమ డిక్కీలు తెరిచి చూసుకున్నారు. ట్రిప్పులు పోయిన మన సభ్యుడికి అక్కడే ఇద్దరు తల్లులు మళ్లీ పిల్లల్ని అప్పగించారు. నా కార్యదర్శిత్వంలో ఇంతకన్నా మంచి రోజు లేదు.

కూలి తీసుకోని మెకానిక్‌లకు, టెంటు ఇచ్చినాయనకు, ఉప్మా చేసి పంపిన మహిళా సభ్యులకు, జాకీలు మోసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. వస్తామని పేర్లిచ్చిన ఇరవై మందిలో వచ్చింది ఐదుగురు. మిగతావాళ్ల ఫోన్లు మధ్యాహ్నం దాకా స్విచ్ఛాఫ్.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. శిబిరం ఖర్చు పోగా కొంచెం మిగిలింది, చందా బాకీలు వస్తే ఇంకా మిగిలేది.

ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు మీద 2022 మేలో ఆటోలు, లారీలతో కలిసి బంద్ చేశాం, గుర్తుందిగా. బంద్‌కు వచ్చినంత మంది చెకప్‌కు రాలేదు. వచ్చే శిబిరానికి పేర్లు టిఫిన్‌కు ముందే సంయుక్త కార్యదర్శికి ఇవ్వండి. ఇచ్చినవాళ్లు దయచేసి రండి.

ఇట్లు,
కార్యదర్శి