తేనెటీగలకు ముందు మేత, తర్వాతే మందు

సంపాదకుల వారికి,

అయ్యా,

మహిళా సంఘాలకు తేనెటీగల పెట్టెలు పంపిణీ చేశారన్న వార్తను ఇటీవల మీ జిల్లా పేజీలో చదివాను. నర్సంపేట ప్రాంతంలో కొన్నేళ్లుగా ఐరోపా జాతి ఈగలను పెంచుతున్న నాకు ఆ వార్త సంతోషం కలిగించినా, పంపిణీ జూన్‌లో జరిగిందన్న మాట మాత్రం దిగులు పుట్టించింది. మృగశిర కార్తెలో పెట్టె చేతికిచ్చి, ముసురు పట్టాక ఈగలకు ఏం పెట్టాలో చెప్పకుండా పంపిస్తే, దసరా నాటికి ఆ ఇంట్లో మిగిలేది ఖాళీ చెక్క డబ్బానే.

మన దగ్గర పొద్దుతిరుగుడు, ధనియాలు, నువ్వు, మామిడి, కానుగ, వేప వంటివన్నీ చలికాలం నుంచి ఎండాకాలం లోపే పూస్తాయి. జూలై, ఆగస్టుల్లో ఎటు చూసినా వరి నాట్లు, పూతకు రాని పత్తి. మొక్కజొన్న పూస్తుంది గానీ అది ఇచ్చేది పుప్పొడే, మకరందం కాదు. దానికి తోడు వారం పది రోజులు వదలని వాన. ‘ఈగలు లేచిపోయాయి’ అని చాలామంది సరిపెట్టుకుంటారు. మన దేశవాళీ పుట్ట తేనెటీగలైతే నిజంగానే గూడు విడిచిపోతాయి, ఐరోపా ఈగలు మాత్రం ఎక్కువగా పెట్టెలోనే మాడి చస్తాయి. మూత తీసి ఫ్రేము (తుట్టె ఉండే చట్రం) పైకెత్తితే ఖాళీ అరల్లోకి తలలు దూర్చి, తోకలు మాత్రం బయటికి కనబడుతూ చచ్చి ఉంటాయి. ఒకసారి చూసినవారు ఆకలి చావును మరి పొరబడరు.

చావకుండా మిగిలిన పెట్టెను రోగం పట్టుకుంటుంది. నా తొలి వానాకాలంలో, ఆశ్లేష కార్తెలో, రెండు పెట్టెల్లో మూతపడని అరల్లోని పిల్లపురుగులు తెల్లగా ఉండాల్సింది పసుపు తిరిగి, మెలికపడి, పుల్లటి వాసన కొట్టాయి. అది పిల్లపురుగులకు బ్యాక్టీరియా వల్ల వచ్చే ఐరోపా ఫౌల్‌బ్రూడ్ అనే రోగమని నాకు తర్వాత తెలిసింది. పెట్టెలు అమ్మిన వ్యక్తి పేరు కూడా లేని ఒక యాంటీబయాటిక్ పొడి పొట్లం ఇచ్చి పానకంలో కలపమన్నాడు. కలిపాను, రెండూ పోయాయి. మరుసటి ఏడు మరో పెట్టెలో అదే లక్షణం కనిపించినప్పుడు చెడిన తుట్టెలు తీసేసి, రాణిని మార్చి, విడవకుండా మేత పెట్టాను. నెల రోజుల్లో తేరుకుంది. ఒక్క పెట్టెతో సిద్ధాంతం చేయను గానీ, ఈ రోగం పోషణ లేని గుంపులోనే ముదురుతుందన్నది తెలిసిన సంగతే.

అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ సంగతి వేరు. మూతపడిన అరలు కుంగి చిల్లులు పడినప్పుడు అగ్గిపుల్ల గుచ్చి లాగితే జిగురు తీగలా సాగుతుంది. దాని బీజాలు దశాబ్దాల పాటు బతుకుతాయి, యాంటీబయాటిక్ వాటిని చంపదు, రోగాన్ని కప్పిపెడుతుంది. ఆ తుట్టెలను తగలబెట్టడమే మార్గం. 1990ల తొలి ఏళ్లలో దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టిన థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ కాబట్టి దానిమీద ఆ పొడి అసలే పనిచేయదు. పైగా మందు తేనెలోకి దిగుతుంది. 2010లో ఐరోపా సమాఖ్య మన తేనెను ఆపేసినప్పుడు చెప్పిన కారణాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఒకటి.

మేత పెద్ద విద్యేమీ కాదు. లీటరు నీళ్లు కాచి దించి, కిలో చక్కెర కరిగించి, చల్లారాక పొద్దుగూకే వేళ పెట్టె లోపలే పెట్టాలి, ఈగలు మునగకుండా పుల్లలు వేయాలి. పగలు పెట్టినా, బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, రోగాన్నీ మోసుకుపోతాయి. చవక అని బెల్లం పానకం పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి (మా ఇంట్లో పెద్దవారు ఎంత చెప్పినా నమ్మలేదు). కొన్న తేనె పోస్తే ఫౌల్‌బ్రూడ్‌ను పిలిచి పీట వేసినట్లే. పుప్పొడి లేనప్పుడు కొవ్వు తీసిన సోయా పిండిని పానకంతో ముద్ద చేసి ఫ్రేముల మీద ఉంచాలి. తేనె తీయడానికి పెట్టె పైన తేనె గది ఎక్కించాక మాత్రం ఒక్క చుక్క పోసినా అది కల్తీయే. ఒక్కో పెట్టెకు వానాకాలమంతా నాకు పది పన్నెండు కిలోల చక్కెర పట్టింది.

కేంద్రం 2020లో 500 కోట్ల రూపాయలతో తేనె మిషన్ ప్రకటించింది. పెట్టె ధరతో పాటు ఈ చక్కెర ఖర్చును కూడా సాయంలో కలపాలని, పంపిణీని దసరా తర్వాతకు మార్చాలని, రైతు వేదికల్లో పనిచేసే వ్యవసాయ విస్తరణ అధికారుల్లో మండలానికి ఒక్కరికైనా పిల్లపురుగును చూసి రోగం గుర్తించే శిక్షణ ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. మీ విలేకరి కూడా ఆశ్లేష కార్తె దాటాక ఆ సంఘాల ఇళ్లకు వెళ్లి, మూతలు తీయించి చూసి, ఎన్ని పెట్టెలు బతికి ఉన్నాయో అదే జిల్లా పేజీలో రాయాలని మనవి.

ఇట్లు,
ఒక తేనెటీగల పెంపకందారు,
నర్సంపేట, వరంగల్ జిల్లా