హాల్లో కూర్చోబెడితే అయిపోదురా

ఒరేయ్ శీనూ,

మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ పిల్లలందరికీ కలిపి క్లాసులు నడిపే పని నీ నెత్తిన పడిందా! బాగానే ఇరుక్కున్నావు. అయినా, 'పెద్ద హాలు ఒకటి చూసి అందరికీ ఒకేసారి పాఠం చెప్పేస్తే సరి' అని రాశావు చూడు, అక్కడే నాకు పేచీ. వేర్వేరు వృత్తుల వాళ్లు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. హాల్లో జరిగేది ఆ చివరిదొక్కటే, అదీ పేరుకి. మెడికోలంతా ఓ మూల, నర్సింగ్ వాళ్లంతా ఓ మూల చేరతారు, కావాలంటే పందెం!

అందుకే పాఠం మానేసి పని ఇవ్వు. నేను చేయించే కేసొకటి చెబుతా. పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దావిడ, రేపు డిశ్చార్జ్. నలుగురికీ నాలుగు కాగితాలు, ఒకరిది ఇంకొకరు చూడకూడదు. మెడికో చకచకా డిశ్చార్జ్ రాసేస్తాడు. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే ఆవిడకి కళ్లు తిరుగుతున్నాయన్న సంగతి నర్సింగ్ అమ్మాయి కాగితంలో ఉంటుంది. పడుకునే ముందు వేసుకోమన్న బీపీ మాత్ర డోసు ఈమధ్యే పెంచారని ఫార్మసీ వాళ్ల దాంట్లో. 'ఆవిడ గది మేడ మీదా?' అని ఫిజియో కుర్రాడు అడిగేసరికి మెడికో పెన్ను ఆగుతుంది. ఆ ఆగడం కోసమేరా ఇదంతా.

ఫోన్లో పేషెంట్ సంగతి చెప్పడానికి ఎస్‌బార్ పద్ధతి ఉంది కదా, అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రులకొచ్చిందది. ఇప్పుడేమైంది, వెనక ఏముంది, నాకేమనిపిస్తోంది, ఏం చెయ్యాలి. మొదటి మూడూ గడగడా చెప్పేస్తారు, నాలుగోదాని దగ్గర నర్సింగ్ పిల్లల గొంతు పెగలదు. ఓసారి పాత్రలు మార్చు. అర్ధరాత్రి విసుక్కునే డాక్టరుకి ఫోన్ చేసే వంతు మెడికోకి రావాలి. టెన్షనంటే ఏంటో తెలుస్తుంది!

స్వీడన్‌లో లింకోపింగ్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటిది 1986లోనే మొదలుపెట్టారు, తర్వాత పెద్దల పర్యవేక్షణలో విద్యార్థులే నడిపే వార్డు కూడా పెట్టారు. మనకి అంత సీనక్కర్లేదు కానీ, మార్కులు మాత్రం పెట్టు. లేకపోతే సగం మంది రారు.

ఇంకోటి. క్లాసు నడిపే టీచర్లు కూడా రెండు వృత్తుల వాళ్లుండాలి. నర్సింగ్ మేడమ్ మాట్లాడుతుంటే డాక్టరుగారు మధ్యలో అడ్డొచ్చారనుకో, పిల్లలు ఆ పూట నేర్చుకునేది అదే. ముందే ఆయనకి చెప్పుకో, మొహమాటపడకు.

టైమ్‌టేబుల్ గీశాక నాకో కాపీ పంపు. నాలుగు కాలేజీల పరీక్షల తేదీలు పక్కన పెట్టుకుని మరీ గియ్యి, అసలు గొడవంతా అక్కడే.

నీ
రాంబాబు